బండి వచ్చింది, బోర్డు మీద పేరు లేదు



ఈమధ్య ఒక రాత్రి తొమ్మిది దాటాక మా మావయ్య ఫోన్ చేశారు. సొంత మేనమామ కాదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో పుట్టి పెరిగినవాళ్ళకి పక్క క్వార్టర్ల వాళ్ళంతా మావయ్యలూ, బాబాయిలూ, పిన్నులే కదా, ఆ వరస. సిగ్నల్ డిపార్టుమెంటులో జీవితమంతా పనిచేసి రిటైరయిన మనిషి. హైదరాబాదులో ఉన్న కొడుకు తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కంపెనీ ఇచ్చే మద్దతు ఆగిపోయింది. కొత్త విండోస్‌కి ఆ యంత్రం చాలదు. బంగారం లాంటి యంత్రాన్ని పారెయ్యడం ఎందుకని నేనే దాంట్లో లినక్స్ మింట్ ఎక్కించి ఇచ్చాను.

"అల్లుడూ, లోపల ఏదో గుద్దేసుకుంది. ఎర్రర్ అంటంది. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించేద్దామా?" అన్నారు.

"ఆగండి మావయ్యా, దేన్నీ తుడవకండి. తెర మీద ఏం రాసుందో నెమ్మదిగా చదవండి" అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివారు. ట్రైయింగ్ టు ఓవర్‌రైట్ అని మొదలైంది. తర్వాత స్లాష్ యు ఎస్ ఆర్, స్లాష్ షేర్, స్లాష్ అప్లికేషన్స్ అని ఒక పొడుగాటి దారి. ఆ దారి చివర ఒక ఫైలు పేరు, దాని తోక డాట్ డెస్క్‌టాప్. ఆ తర్వాత, ఈ ఫైలు ఇంకో ప్యాకేజీలో కూడా ఉంది అని చెప్పే మాటలు. అంతే. అంతకు మించి ఏమీ లేదు. యంత్రానికి ఏమీ కాలేదు, డిస్కుకి ఏమీ కాలేదు, ఆయన దాచుకున్న ఫొటోలకీ ఏమీ కాలేదు.

ఆ రాత్రి ఫోన్లో ఆయనకి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతాను. రేడియోలో కంప్యూటర్ పాఠమేమిటి, తెర కనబడకుండా ఎలా అని అనుకోవద్దు. ఆ రాత్రి నాకూ తెర కనబడలేదు. అయినా పని జరిగింది. ఎందుకంటే ఈ గొడవంతా బొమ్మల్లో లేదు, అక్షరాల్లో ఉంది. నోటితో చదివి వినిపించగలిగిన గొడవ ఇది. వంటల కార్యక్రమానికి పెట్టుకున్నట్టు ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి చాలు.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానో కూడా ముందే చెప్పేస్తాను. ఎక్కించేటప్పుడు ఒక్క లైను ఎర్రర్ కనబడగానే భయపడి, డిస్కు మొత్తం తుడిచేసుకున్నవాళ్ళని నేను కళ్ళారా చూశాను. ఒకింట్లో పెద్దాయన పెన్షన్ కాగితాల స్కాన్లు పోయాయి. ఇంకో ఇంట్లో అమ్మాయి పెళ్ళి ఫొటోలు పోయాయి. పది లైన్ల కాగితంలో ఒక చిన్న పొరపాటుకి ఇల్లంతా కూల్చుకున్నట్టయింది. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ పది లైన్ల కాగితం ఏమిటో చూద్దాం. లినక్సులో ఒక ప్రోగ్రాం ఎక్కిస్తే నిజానికి చాలా ఫైళ్ళు లోపలికి వస్తాయి. పనిచేసే అసలు ప్రోగ్రాం ఒకచోట కూర్చుంటుంది. దానికి కావలసిన సామాను ఇంకోచోట, బొమ్మలు మరోచోట. ఇవన్నీ వచ్చినా మెనూలో దాని పేరు కనబడాలంటే ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఫలానావాడు వచ్చాడు, ఫలానా చోట దిగాడు అని. ఆ చెప్పే కాగితమే డెస్క్‌టాప్ ఎంట్రీ ఫైలు. మన క్వార్టర్ తలుపు మీద పేరూ, నెంబరూ రాసిన పలక ఉంటుంది చూడండి, అలాంటిది. లోపల మనిషి ఉన్నాడు, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, కానీ పలక మీద నెంబరు చెరిగిపోతే పోస్ట్‌మాన్ వెనక్కి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు ఆ పలక మీద ఏం రాసి ఉంటుందో చదువుతాను, రాసుకోండి. మొదటి లైను, స్క్వేర్ బ్రాకెట్ల మధ్య డెస్క్‌టాప్ ఎంట్రీ అని రెండు మాటలు. దీనికి ముందు వ్యాఖ్యలు తప్ప ఇంకేమీ ఉండకూడదు. రెండో లైను, టైప్ ఈక్వల్స్ అప్లికేషన్. మూడోది, నేమ్ ఈక్వల్స్ అని ప్రోగ్రాం పేరు. నాలుగోది, ఎగ్జెక్ ఈక్వల్స్ అని, క్లిక్ చేస్తే నడవాల్సిన ఆజ్ఞ. అయిదోది, ఐకాన్ ఈక్వల్స్ అని బొమ్మ పేరు. ఆరోది, కేటగిరీస్ ఈక్వల్స్ అని, మెనూలో ఏ గదిలో కూర్చోబెట్టాలో ఆ గది పేరు, దాని వెనక సెమీకోలన్. ప్రోగ్రాంని బట్టి ఇంకో నాలుగైదు లైన్లు ఉంటాయి గానీ ప్రాణమంతా ఈ ఆరు లైన్లలోనే ఉంది. మామూలు టెక్స్ట్ ఫైలు. ఏ ఎడిటర్లో తెరిచినా చదవొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం, పెద్దక్షరం పెద్దక్షరమే, చిన్నక్షరం చిన్నక్షరమే. నేమ్ అనే మాటలో మొదటి అక్షరం చిన్నది రాస్తే దాన్ని పేరుగా లెక్కపెట్టదు.

ఈ పద్ధతి మొదట్నుంచీ లేదు. కేడీఈ అనే డెస్క్‌టాప్ 1996లో మొదలైంది, గ్నోమ్ 1997లో. ఎవరి మెనూ వాళ్ళది, ఎవరి పలక వాళ్ళది. దీనికి మన శ్రీకాకుళం వాళ్ళకి వేరే ఉదాహరణ అక్కరలేదు. నౌపడ దగ్గర పెద్ద లైను దిగి పర్లాకిమిడి చిన్న రైలు ఎక్కిన పెద్దవాళ్ళు ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉన్నారు. 1900లో మొదలైన నారో గేజ్ అది. పెద్ద లైను వ్యాగన్ ఆ పట్టాల మీదికి ఎక్కదు. మూటలన్నీ దింపాలి, మళ్ళీ ఎక్కించాలి. గేజ్ కలిపిన తర్వాత గానీ ఆ బాధ తీరలేదు. లినక్సులో ఆ గేజ్ కలిపే పని 2000లో హావొక్ పెన్నింగ్‌టన్ మొదలుపెట్టిన ఫ్రీడెస్క్‌టాప్ డాట్ ఆర్గ్ నెత్తిన వేసుకుంది. డెస్క్‌టాప్ ఎంట్రీ అనే నియమావళి అక్కడిదే. అందుకే ఇవాళ ఒకే పలక రాస్తే గ్నోమ్ చదువుతుంది, కేడీఈ చదువుతుంది, మింట్‌లోని సినమన్ చదువుతుంది.

సరే, మావయ్య దగ్గరికి వద్దాం. ఆయనకి జరిగిందేమిటంటే, మింట్‌తో పాటే ఒక ఆఫీసు ప్రోగ్రాం ముందే వచ్చి ఉంది. దాని కొత్త రకం కావాలని వేరే చోట నుంచి ఇంకో ప్యాకేజీ దింపుకుని ఎక్కించబోయారు. ఆ రెండు ప్యాకేజీల్లోనూ ఒకే పేరు గల డెస్క్‌టాప్ ఫైలు ఉంది, రెండూ ఒకే చోట పెట్టాలని చూస్తున్నాయి. మింట్, ఉబుంటు, డెబియన్లలో సామాను దింపే పని డీపీకేజీ అనే ఉద్యోగిది. ఏ ఫైలు ఏ ప్యాకేజీ సొత్తో దాని దగ్గర లెక్క ఉంటుంది. ఒకరి సొత్తు మీద ఇంకొకరు రాయబోతే అది ఒప్పుకోదు. పని ఆపేస్తుంది, అప్పటిదాకా దింపిన సామాను వెనక్కి తీసేస్తుంది, కారణం తెర మీద రాస్తుంది.

ఇది చెప్పగానే ఫోన్లో అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత మావయ్య అన్నారు, "అంటే లోపల కూడా ఇంటర్‌లాకింగ్ ఉందన్నమాట."

ఆయన జీవితమంతా కాపలా కాసిన విషయం అది. శ్రోతల్లో సిగ్నల్ పనితో పరిచయం లేనివాళ్ళకి రెండు మాటలు. ఒక బండికి ఒక దారి ఇచ్చాక, ఆ దారికి అడ్డం వచ్చే ఇంకో దారికి సిగ్నల్ ఇద్దామన్నా ఇవ్వనివ్వకుండా కట్టడి చేసే ఏర్పాటు ఇంటర్‌లాకింగ్. స్టేషన్ మాస్టరు పొరపాటున నొక్కినా సిగ్నల్ పచ్చబడదు. మన ఖరగ్‌పూర్ యార్డులో 2017 నవంబరులో పాత రిలేల పద్ధతి పోయి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వచ్చింది. 800 రూట్లని చూసుకునే ఏర్పాటు అది. అన్ని పట్టాలు, అన్ని పాయింట్లు ఉన్నచోట సిగ్నల్ పచ్చబడలేదంటే యంత్రం చెడిందని ఎవరూ అనుకోరు. ఎదురుగా ఏ బండి ఉందో చూస్తారు.

డీపీకేజీ ఆగిందంటే కూడా అంతే. ఎదురుగా ఏ బండి ఉందో అడగాలి. దానికి టెర్మినల్లో, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీలో, రాసే ఆజ్ఞ ఉంది: డీపీకేజీ అని రాసి, ఖాళీ విడిచి, హైఫన్, పెద్ద ఎస్, మళ్ళీ ఖాళీ విడిచి ఆ ఫైలు దారంతా రాయడం. ఆ ఫైలు ఎవరి సొత్తో పేరు చెబుతుంది. మావయ్య ఇంట్లో పాత ఆఫీసు ప్యాకేజీ పేరు వచ్చింది. రెండూ నిజానికి ఒకే ప్రోగ్రాంకి పాతా కొత్తా రూపాలు. కాబట్టి పాతదాన్ని ఆప్ట్ రిమూవ్‌తో తీసేసి, ఆప్ట్ ఫిక్స్ బ్రోకెన్ ఇన్‌స్టాల్ అనే ఆజ్ఞతో సగంలో ఆగిన లెక్కలు సరిచేయించి, కొత్తది ఎక్కించాం. ఆయన రాసిపెట్టుకున్న ఉత్తరాలు ఆయన ఫోల్డర్లోనే భద్రంగా ఉన్నాయి. ప్రోగ్రాంని తీసేస్తే మన కాగితాలు పోవు, ఈ మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి.

ఇక్కడ కొందరు కుర్రాళ్ళు ఒక అడ్డదారి చెబుతారు. ఫోర్స్ ఓవర్‌రైట్ అని ఒకటుంది, అది పెడితే డీపీకేజీ నోరు మూసుకుని దింపేస్తుంది అని. నిజమే, దింపేస్తుంది. కానీ పాతవాడి పలక కొత్తవాడి సొత్తయిపోతుంది. రేపు కొత్తదాన్ని తీసేసినప్పుడు పాతదాని పలక కూడా దాంతో పోవచ్చు. మావయ్యకి ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. ఎర్ర సిగ్నల్ దాటించే అధికారం ఎవరికుందో, ఏ కాగితం మీద సంతకం పెట్టి దాటిస్తారో ఆయనకి తెలుసు. ఎదురుగా ఉన్న బండి ఏమిటో తేలాక, అది అక్కడ ఉండనక్కర్లేదని తేలాక, అప్పుడు. అంతకుముందు కాదు.

ఫెడోరా, ఓపెన్‌సూసే లాంటి వేరే లినక్సులు వాడేవాళ్ళకి ఇదే గొడవ కాన్‌ఫ్లిక్ట్స్ అన్న మాటతో కనబడుతుంది. ఆర్చ్ వాడేవాళ్ళకి, ఈ ఫైలు ఇప్పటికే ఉంది అన్నట్టుగా కనబడుతుంది. మాట వేరు, జబ్బు ఒకటే.

రెండో రకం ఎర్రర్ ఇంకా విచిత్రమైంది. దీని దగ్గరే ఎక్కువమంది తప్పుదారి పడతారు. ప్రోగ్రాం సవ్యంగా ఎక్కుతుంది, చిట్టచివర మాత్రం ఫలానా డెస్క్‌టాప్ ఫైల్లో తప్పుంది అని ఒక లైను వస్తుంది. ఎక్కించిన ప్రోగ్రాంలోనే తప్పుందని మనం దాన్ని తీసేస్తాం. మళ్ళీ ఎక్కిస్తాం. మళ్ళీ అదే లైను. ఇంకో ప్రోగ్రాం ఎక్కిస్తే దానికీ అదే లైను!

కారణం చెబుతాను. కొత్త పలక తగిలించిన ప్రతిసారీ అప్‌డేట్ డెస్క్‌టాప్ డేటాబేస్ అనే పని నడుస్తుంది. ఏ రకం ఫైలుని ఏ ప్రోగ్రాం తెరవగలదో చెప్పే జాబితా ఒకటి అది తయారుచేస్తుంది. మీరు ఒక పాట మీద క్లిక్ చేస్తే పాటల ప్రోగ్రామే తెరుచుకోవడం ఈ జాబితా చలవే. అయితే జాబితా కోసం అది కొత్త పలక ఒక్కటే చదవదు. ఆ ఫోల్డర్లో ఉన్న పలకలన్నీ మొదట్నుంచీ చివరిదాకా చదువుతుంది. కొన్ని లినక్సులు ఈ చదువు నిశ్శబ్దంగా కానిచ్చేస్తాయి, కొన్ని తప్పు కనబడినచోటల్లా పైకి చెబుతాయి. ఆ చెప్పిన తప్పు రెండేళ్ళ కిందట ఎక్కించి మరిచిపోయిన ఇంకో ప్రోగ్రాందయి ఉండొచ్చు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు మనం ఇవాళ వచ్చినవాడిని వెళ్ళగొడుతున్నాం. అందుకని ఎర్రర్ లైన్లో ఫైలు పేరు చదవండి. మీరు ఇప్పుడు ఎక్కించిన ప్రోగ్రాం పేరూ, ఆ ఫైలు పేరూ ఒకటేనా? కాకపోతే కొత్తవాడి తప్పేమీ లేదు.

ఇలాంటప్పుడు ఎక్కువగా కనబడేది మైమ్ టైప్ లైన్లో తప్పు. ఫైలు రకాన్ని రెండు మాటలతో, మధ్య స్లాష్‌తో రాయాలి. టెక్స్ట్ స్లాష్ ప్లెయిన్, ఇమేజ్ స్లాష్ పీఎన్‌జీ, ఇలాగ. స్లాష్ మరిచిపోయినా, అక్కర్లేని గుర్తేదన్నా పడినా అది చెల్లదంటుంది. ప్రోగ్రాం నడవడానికి దీనివల్ల అడ్డేమీ లేదు. ఆ రకం ఫైలు మీద క్లిక్ చేసినప్పుడు ఆ ప్రోగ్రాం పేరు రాకపోవచ్చు, అంతే.

మూడో రకానికి ఎర్రరే ఉండదు. అదే అన్నిటికన్నా ఏడిపిస్తుంది. ఎక్కించడం అయింది, అంతా సవ్యమే అంది, మెనూలోకి వెళ్ళి చూస్తే పేరు లేదు. లేకపోతే పేరుంది, క్లిక్ చేస్తే ఏమీ జరగదు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్ల పొడుగు, ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది, చిన్నప్పుడు మేమంతా ఆ సంగతి గొప్పగా చెప్పుకునేవాళ్ళం. అంత పొడుగు ప్లాట్‌ఫారం మీద ఒక చివర బండి వచ్చి ఆగి ఉంటుంది. బోర్డు మీద దాని పేరు పడకపోతే మధ్యలో నిలబడ్డవాడికి బండి లేనట్టే.

బండి ఉందో లేదో తేల్చుకోవడానికి టెర్మినల్ తెరిచి ప్రోగ్రాం పేరు నేరుగా రాసి ఎంటర్ కొట్టండి. తెరుచుకుందా, అయితే ప్రోగ్రాం బాగుంది, తప్పు పలకలో ఉంది. తెరుచుకోలేదా, అక్కడ అసలు కారణం అక్షరాల్లో కనబడుతుంది. ఈ ఒక్క పరీక్షతో సగం చీకటి పోతుంది.

తప్పు పలకలోనే అని తేలితే ముందుగా ఎగ్జెక్ లైను చూడండి. ముఖ్యంగా చేత్తో సొంతంగా రాసుకున్న పలకల్లో. మన హోమ్ ఫోల్డరుకి టిల్డా గుర్తు పెట్టి దారి రాయడం టెర్మినల్లో అలవాటు. ఆ అలవాటుతో ఇక్కడా టిల్డా పెడతాం. ఇక్కడ అది చెల్లదు. టిల్డాని విడమరిచి చెప్పేది టెర్మినల్లో మన ఆజ్ఞలు చదివే షెల్, ఎగ్జెక్ లైనుకీ షెల్‌కీ సంబంధం లేదు. దారి మొత్తం స్లాష్ హోమ్ నుంచీ పూర్తిగా రాయాలి. దారి మధ్యలో ఖాళీ ఉంటే, మావయ్య తన ఫోల్డరుకి పెట్టుకున్న నా పాటలు అనే రెండు మాటల పేరు లాగా, దాన్ని డబుల్ కోట్లలో పెట్టాలి. పర్సెంట్ గుర్తుకి ఇక్కడ వేరే అర్థాలున్నాయి కాబట్టి అది మామూలు అక్షరంగా కావాలంటే రెండుసార్లు రాయాలి.

తర్వాత ట్రైఎగ్జెక్ అనే లైను ఉందేమో చూడండి. ఫలానా ప్రోగ్రాం యంత్రంలో నిజంగా ఉంటేనే నా పేరు చూపించు అని చెప్పే లైను అది. ఆ ప్రోగ్రాం దొరక్కపోతే పలక మెనూలో కనబడదు, మాట్లాడకుండా మాయమవుతుంది. నోడిస్‌ప్లే ఈక్వల్స్ ట్రూ అని ఉన్నా అంతే. పేరు వచ్చి బొమ్మ మాత్రం రాకపోతే ఐకాన్ లైను చూడండి. బొమ్మ పేరు మాత్రమే రాస్తే తోక ఉండకూడదు, డాట్ పీఎన్‌జీ అనకూడదు. పూర్తి దారి రాస్తేనే తోకతో సహా రాయాలి.

ఇవన్నీ గుర్తుంచుకోవాలా అని బెంగపడకండి. తప్పులు పట్టే మేష్టారు ఒకరున్నారు. డెస్క్‌టాప్ ఫైల్ యుటిల్స్ అనే ప్యాకేజీలో వచ్చే డెస్క్‌టాప్ ఫైల్ వాలిడేట్ అనే ఆజ్ఞ. మూడు మాటలూ చిన్నక్షరాల్లో, మధ్యలో హైఫన్లు. దాని వెనక ఫైలు పేరు రాస్తే చాలు, ఏ లైన్లో ఏం తప్పో చెబుతుంది. ఎర్రర్ అంటే తప్పనిసరిగా దిద్దాలి. వార్నింగ్ అంటే దిద్దితే మంచిది. హింట్ అంటే సలహా. చాలామంది చేసే ఒక పొరపాటు చెబుతాను. వెర్షన్ అనే లైన్లో తమ ప్రోగ్రాం వెర్షన్ రాసేస్తారు. అక్కడ రాయాల్సింది ఈ నియమావళి వెర్షన్. మేష్టారు వెంటనే పట్టుకుంటారు. ఫెడోరాలో ప్యాకేజీ తయారుచేసేవాళ్ళు ఈ పరీక్ష చేయించాలని నియమమే ఉంది. పరీక్ష తప్పితే ప్యాకేజీ తయారీ అక్కడే ఆగిపోతుంది.

దిద్దేముందు ఒక్క మాట వినండి. స్లాష్ యు ఎస్ ఆర్ లోపలున్న ఫైలుని నేరుగా దిద్దకండి. అది ప్యాకేజీ సొత్తు. రేపు అప్‌డేట్ వచ్చినప్పుడు మీరు దిద్దింది చెరిగిపోతుంది. ఆ ఫైలుని మీ హోమ్‌లో డాట్ లోకల్, స్లాష్ షేర్, స్లాష్ అప్లికేషన్స్ అనే ఫోల్డర్లోకి అదే పేరుతో కాపీ చేసుకుని, ఆ కాపీని దిద్దండి. ఒకే పేరుతో రెండు పలకలుంటే మీ ఇంట్లోదే చెల్లుతుంది. అప్‌డేట్లు దాని జోలికి రావు. మీ దిద్దుబాటు బాగుందనిపిస్తే ఆ ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళకి రాసి పంపండి. వాళ్ళు వేసుకుంటే మీ ఇంట్లో దిద్దిన తప్పు అందరి ఇళ్ళల్లోనూ దిద్దుకుంటుంది.

ఇంతదాకా వచ్చాం కాబట్టి ఇప్పుడు నా మనసులో ఉన్న లైను గురించి చెబుతాను. నేమ్ అనే మాట తర్వాత, ఈక్వల్స్‌కి ముందు, స్క్వేర్ బ్రాకెట్లలో టీ, ఈ అని రెండు చిన్నక్షరాలు రాయొచ్చు. అవి తెలుగు భాషకి గుర్తు. ఈక్వల్స్ తర్వాత తెలుగులో పేరు రాస్తే, మెనూ తెలుగులో పెట్టుకున్నవాళ్ళకి తెలుగు పేరు కనబడుతుంది, మిగతావాళ్ళకి ఇంగ్లీషు పేరు. బెంగాలీకి బీ ఎన్, హిందీకి హెచ్ ఐ, ఒడియాకి ఓ ఆర్. ఒకే పలక మీద ఎన్ని భాషలైనా పక్కపక్కన ఉండొచ్చు, ఒకదానికొకటి అడ్డం రావు. నియమావళి ఆ చోటు ఎప్పుడో ఇచ్చింది. చాలా ప్రోగ్రాంలలో ఆ తెలుగు లైను ఖాళీ.

అది ఖాళీగా కనబడ్డప్పుడు ఖరగ్‌పూర్ వాడికి గుచ్చుకుంటుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడి, లైను మన వైపు నుంచి ఇటు కలిశాక, శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపుల నుంచి మన తాతలు బండెక్కి వచ్చారు. వర్క్‌షాపులో, యార్డులో, లోకోలో చేరారు. నాలుగు తరాలయ్యాయి. గోల్ బజార్లో ఇప్పటికీ తెలుగులో బేరమాడొచ్చు. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాషగా గుర్తింపు ఇవ్వడానికి నిర్ణయించింది. ఇవన్నీ నిజాలే. ఇంట్లో చిన్నపిల్లలకి తెలుగు మాట వచ్చు గానీ అక్షరం రాదన్నది కూడా నిజమే. బడిలో ఇంగ్లీషు, బెంగాలీ, హిందీ. తెలుగు అక్షరం వాళ్ళ కంట పడే చోటే తక్కువ. క్యాలెండరు, పెళ్ళి శుభలేఖ, గుడి గోడ. పిల్లలు రోజుకి రెండు గంటలు చూసే తెర మీద ఆ అక్షరం ఉండొద్దా?

రాయడంలో ఒక చిక్కుంది, చెప్పి తీరాలి. ఈ ఫైలు యూటీఎఫ్ 8 అనే ఎన్‌కోడింగులో ఉండాలి. తెలుగు యూనికోడ్‌లో ఉండాలి. డీటీపీ దుకాణాల్లో శుభలేఖలు టైపు చేసే పాత ఫాంట్లలో రాసి తెచ్చి అతికిస్తే మెనూలో తెలుగు కనబడదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి కనబడుతుంది. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఫాంట్ తీసేస్తే లోపలున్నది తెలుగు కాదు. ఫోన్లో టైపు చేసే తెలుగు యూనికోడే కాబట్టి, లినక్సులో కీబోర్డు పెట్టుకోవడం రాకపోతే ఫోన్లో రాసి మెయిల్ చేసుకుని అతికించినా సరిపోతుంది.

ఈ పనికి పెద్ద చదువు అక్కర్లేదు. మన ఊళ్ళోనే సాయమూ ఉంది. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన మన ఐఐటీలో ఖరగ్‌పూర్ ఓపెన్ సోర్స్ సొసైటీ అని విద్యార్థుల సంఘం ఉంది. ఓపెన్ సోర్స్‌కి కొత్తగా వచ్చే విద్యార్థులు మొదటి మార్పులు చేసి పంపడం నేర్చుకోవడానికి వాళ్ళు ఖరగ్‌పూర్ వింటర్ ఆఫ్ కోడ్ నడుపుతారు. తెలుగు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో లినక్సు కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. మొదటి మార్పుగా ఒక ప్రోగ్రాంకి తెలుగు పేరు లైను రాసి పంపడం కన్నా తేలికైన పని నాకు కనబడదు. కాలనీల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఇది వింటూ ఉంటే, మీతోనే మాట్లాడుతున్నాను.

మావయ్య ఆ రాత్రితో ఆగలేదు. డాట్ డెస్క్‌టాప్ అంటే టెక్స్టే అని తెలిశాక ఒక్కొక్కటీ తెరిచి చదవడం మొదలుపెట్టారు. మనవరాలు ఆయన ల్యాప్‌టాప్‌లో బొమ్మలు వేసుకుంటుంది, రెండో క్లాసు. ఆ బొమ్మల ప్రోగ్రాం పలకని తన హోమ్‌లోకి కాపీ చేసుకుని, నేమ్ టీ ఈ లైన్లో, పాప చదువుకుంటుందని, బొమ్మలు అని రాశారు. మెనూ తెలుగులోకి మార్చారు. పాప వచ్చి చూసి, బొమ్మ కనబడింది కాబట్టి క్లిక్ చేసింది, అక్షరాలు చదవలేదు. మర్నాడు ఆయన ఆ కాపీలో ఐకాన్ లైను ముందు హాష్ గుర్తు పెట్టి దాన్ని పక్కన పెట్టేశారు.

తర్వాత నాకు ఫోన్ చేసి చెప్పారు, "బొమ్మ తీసేసిన మొదటి రోజు నన్నడిగింది, ఏది తాతా అని. రెండో రోజు బ మీద వేలు పెట్టింది."